బెంగళూరు ఎకాలజీ సంస్థలకు బహిరంగ లేఖ: మొదటి ఆర్నెల్ల పనికి డబ్బులివ్వండి

బెంగళూరులోని ఎకాలజీ, వన్యప్రాణి పరిశోధన సంస్థల సంచాలకులకు, ప్రొఫెసర్లకు, ప్రాజెక్టులు నడిపే శాస్త్రవేత్తలకు,

నమస్కారం.

హెబ్బాళ దాటి ఉత్తరంగా వెళ్లే బళ్లారి రోడ్డు మీలో చాలామందికి రోజూ తిరిగే రోడ్డే. ఎన్‌సీబీఎస్ (జీవశాస్త్ర పరిశోధన సంస్థ) జీకేవీకే వ్యవసాయ విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ఉంది. పర్యావరణ పరిశోధన సంస్థ ఏట్రీ జక్కూరు పక్కన ఉంది. సెంటర్ ఫర్ వైల్డ్‌లైఫ్ స్టడీస్ కొడిగేహళ్లిలో ఉంది. అదే రోడ్డున యలహంక, చిక్కబళ్లాపురం, బాగేపల్లి దాటితే కొడికొండ చెక్‌పోస్టు వస్తుంది. అక్కడి నుంచి ఆంధ్ర. బెంగళూరు నుంచి సుమారు వంద కిలోమీటర్లు. మాది ఆ చెక్‌పోస్టు ఉన్న చిలమత్తూరు మండలమే. నేను బీజడ్‌సీ గ్రూపుతో డిగ్రీ, తర్వాత జువాలజీలో ఎమ్మెస్సీ చేశాను. ఇప్పుడు యలహంకలో ఉంటూ ఒక ఎకాలజీ (జీవులకూ వాటి పరిసరాలకూ ఉన్న సంబంధాన్ని చదివే శాస్త్రం) ప్రాజెక్టులో డేటా పని చూస్తున్నాను. ఈ లేఖ నా ఒక్కదాని తరఫున కాదు. హిందూపురం, కదిరి, పలమనేరు, మదనపల్లె వైపు నుంచి ఈ రంగంలోకి రావాలనుకుని, వచ్చిన దారినే వెనక్కి వెళ్లిన పిల్లలు చాలామంది ఉన్నారు. వాళ్ల తరఫున కూడా రాస్తున్నాను.

అడగదలుచుకున్నది ముందే చెప్పేస్తాను. మీ దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చేవాళ్లకు మొదటి రోజు నుంచే బతకడానికి సరిపడా స్టైపెండ్ ఇవ్వండి. ఆ అవకాశం ఉందన్న సంగతి రాయలసీమ డిగ్రీ కాలేజీల దాకా చేరనివ్వండి. మిగతావన్నీ ఈ రెండింటి వెనకాలే వస్తాయి.

ఎకాలజీలో మొదటి మెట్టు ఎలా ఉంటుందో మీకు నాకంటే బాగా తెలుసు. పీహెచ్‌డీకో, ఎన్‌సీబీఎస్‌లోని వైల్డ్‌లైఫ్ బయాలజీ ఎమ్మెస్సీకో దరఖాస్తు చేస్తే ఫీల్డ్ అనుభవం ఏముందని అడుగుతారు. ఫీల్డ్ అనుభవం కావాలంటే ఏదో ఒక ప్రాజెక్టులో ఇంటర్న్‌గానో వాలంటీర్‌గానో చేరాలి. ఆ ప్రకటనల్లో చాలావాటిలో చివర ఒక వాక్యం ఉంటుంది: ఉండటానికి చోటు, భోజనం ఇస్తాం, జీతం ఉండదు. కొన్నింటిలో అవి కూడా ఉండవు, ప్రయాణ ఖర్చులు మనవే. పైగా సొంత లాప్‌టాప్ ఉండాలి, బైనాక్యులర్స్ ఉంటే మంచిది అంటారు. ఇలా ఒకటి రెండు చోట్ల చేశాక దొరికే రిఫరెన్స్ లెటరే తర్వాతి తలుపు తాళంచెవి. అసలు పరీక్ష ఈ ఆర్నెల్లూ ఏడాదీ డబ్బు లేకుండా నెట్టుకురాగలమా అన్నది. ప్రవేశ పరీక్ష దాని తర్వాతి మాట.

ఎమ్మెస్సీ అయ్యాక నాకు ఒక సంస్థలో అలాంటి అవకాశమే వచ్చింది. పడమటి కనుమల్లో కప్పల మీద పని. వర్షాకాలమంతా అక్కడే ఉండాలి, జీతం లేదు. ఇంటికి ఫోన్ చేసి చెబితే మా నాన్న అడిగింది ఒక్కటే. "ఆర్నెల్లు పని చేసి ఎదురు మనమే డబ్బులు కట్టుకోవల్లంటే అదేం ఉద్యోగమమ్మా?" ఆ ఏడు చెనక్కాయ పంట పోయింది. ఆయనకు చెప్పడానికి నా దగ్గర జవాబు లేదు, నేను వెళ్లలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2025-26లో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. నెలకు 26 రోజులు వేసుకుంటే ఎనిమిది వేలకు కాస్త తక్కువ. చెరువులో మట్టి తీసే పనికి ప్రభుత్వం కట్టిన విలువ అది. పీజీ చదివి, వానలో జలగలు కుట్టించుకుంటూ రాత్రంతా కప్పల అరుపులు రికార్డు చేసే పనికి అంతమాత్రం విలువైనా ఉండాలి కదా.

మీలో చాలామంది మంచివాళ్లు. విద్యార్థుల కోసం రాత్రింబవళ్లు కష్టపడేవాళ్లను దగ్గర నుంచి చూశాను. జీతం లేని పని ఎవరూ దురుద్దేశంతో పెట్టరని కూడా తెలుసు. గ్రాంట్లు ఆలస్యంగా వస్తాయి, వచ్చినవి చాలవు, ఫెలోషిప్ డబ్బు నెలల తరబడి ఆగిపోయి పీహెచ్‌డీ వాళ్లే అప్పులు చేస్తుంటారు. అయినా ఫలితం మారడం లేదు. డబ్బు లేకుండా ఏడాది గడపగలిగే ఇళ్ల నుంచే ఎకాలజిస్టులు వస్తున్నారు. వాళ్లు తెలివైనవాళ్లే, పని మీద ప్రేమ ఉన్నవాళ్లే. కానీ వాళ్లకు తెలిసిన అడవులు వేరు, తెలిసిన భాషలు వేరు. అందుకే పరిశోధన ఎక్కువగా పడమటి కనుమల వైపు వెళ్తుంది. తూర్పున ఉన్న మా ఎండు కొండలు, గడ్డి బీళ్లు, ముళ్లపొదలు ఎవరూ పరిశోధించకుండా మిగిలిపోతున్నాయి.

ఆ ముళ్లపొదల్లో ఏముందో కలివికోడి కథ చెబుతుంది. 1848లో శాస్త్రానికి తెలిసిన పక్షి అది. 1900 తర్వాత ఎనభై ఏళ్లకు పైగా ఎవరికీ కనబడలేదు, అంతరించిపోయిందనే అనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లా సిద్ధవటం దగ్గర రెడ్డిపల్లి ప్రాంతంలో మళ్లీ దొరికింది. వెతుకులాట బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీది. రాత్రి పూట ఆ పక్షిని పట్టుకొచ్చింది మాత్రం అక్కడి పక్షుల వేటగాడు. శాస్త్రవేత్తలు పోయిందనుకున్న పిట్ట ఏ పొదలో తిరుగుతుందో ఆయనకు తెలుసు. దాని కోసమే లంకమల్లేశ్వర అభయారణ్యం వచ్చింది. 2005లో తెలుగుగంగ కాలువ పనులు దాని ఆవాసంలోకి వచ్చాయి, తర్వాత కాలువ దారి మార్చాల్సి వచ్చింది. రాత్రి పూట మాత్రమే తిరిగే, ప్రపంచంలో ఇంకెక్కడా లేని ఈ పక్షి గురించి తెలియాల్సింది ఇంకా కొండంత ఉంది. కడప నుంచి బెంగళూరుకు రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి దిగుతారు. ఆ ఊళ్ల పిల్లలు ఎంతమంది మీ ల్యాబుల్లో ఉన్నారో ఒక్కసారి చూడండి.

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. నంద్యాల జిల్లా రోళ్లపాడులో బట్టమేకపిట్ట కోసమే 1988లో అభయారణ్యం పెట్టారు. ఇప్పుడు అక్కడ ఆ పిట్ట కనిపించడం దాదాపు ఆగిపోయింది. ఎర్రచందనం సహజంగా పెరిగేది ప్రధానంగా శేషాచలం, పాలకొండ, లంకమల, వెలికొండల్లో. దాని దొంగల గురించి పేపర్లో వారానికి ఒక వార్త వస్తుంది. ఆ చెట్టు మొలక ఎలా బతుకుతుంది, దాని చుట్టూ ఏ జీవులున్నాయి అన్న సంగతి తెలుగులో చదివే భాగ్యం మాకు లేదు. పలమనేరు దగ్గర కౌండిన్య అడవిలోకి తమిళనాడు, కర్ణాటకల నుంచి ఏనుగులు చాలా కాలం తర్వాత 1980లలో తిరిగొచ్చాయి. నలభై ఏళ్లుగా రైతులు, ఏనుగులు ఒకరి చేతిలో ఒకరు చస్తున్నారు. ఏనుగుల మీద మన దేశంలో జరిగిన లోతైన పరిశోధనలో పెద్ద భాగం బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ (ఐఐఎస్‌సీ)లోని సెంటర్ ఫర్ ఎకలాజికల్ సైన్సెస్ నుంచే వచ్చింది. ఆ విద్య పలమనేరు డిగ్రీ కాలేజీ దాకా రావడానికి నలభై ఏళ్లు చాలలేదు.

మా మండలంలోనే ఉన్న వీరాపురం సంగతి కాస్త వివరంగా చెప్పాలి. ఏటా ఎర్రకాళ్ల కొంగలు వచ్చి ఊరి మధ్య చింతచెట్ల మీద గూళ్లు కడతాయి. ఊరివాళ్లు వాటిని సొంత బిడ్డల్లా చూసుకుంటారు. సీజన్ రాగానే పేపర్లు, టీవీలు "సైబీరియా నుంచి అతిథులు" అని రాస్తాయి. ఇవి పెయింటెడ్ స్టార్క్‌లు. మన ఉపఖండంలోనే నీళ్లను బట్టి చెరువు చెరువూ తిరుగుతాయి, సైబీరియా మొహం ఎరగవు. ఈ మాట తెలుగులో గట్టిగా చెప్పి, ఆధారం చూపించే మనిషి ఆ చుట్టుపక్కల ఉండాల్సింది.

ఉండగలిగే అబ్బాయి ఒకడు నాకు తెలుసు. బీఎస్సీ చదివేటప్పుడు ఒకసారి నన్ను ఆ చెట్ల కిందికి తీసుకెళ్లాడు. గూళ్లలో పిల్లలకు తల్లులు తెచ్చిన చేపలు కొన్ని జారి కింద పడుతుంటాయి. వాటిని పుల్లతో తిప్పి చూస్తూ చెప్పుకొచ్చాడు. జిలేబీ చేపలు ఎక్కువ పడితే కొంగలు ఆ రోజు పెద్ద చెరువు వైపు వెళ్లినట్టు, మట్టగిడసలు పడితే ఎండిపోతున్న కుంటల్లో వెతుక్కున్నట్టు. కుంటలు ఎండే కొద్దీ గూటికి తిరిగొచ్చే పొద్దు ఆలస్యమవుతుందనీ, అప్పుడు గూట్లో చిన్న పిల్ల చచ్చిపోతుందనీ కూడా గమనించాడు. లాంగ్ నోట్‌బుక్‌లో చెట్టుకొక పేజీ పెట్టి, గూళ్లు ఎన్ని, పిల్లలు ఎన్ని, ఏ తేదీన ఎన్ని రాలిపోయాయి అని రాసిపెట్టుకున్నాడు. ఆహారానికీ పిల్లల మరణానికీ సంబంధం వెతకడం మీరు పీహెచ్‌డీ విద్యార్థికి మొదటి ఏడాది నేర్పే పని. దాన్ని ఈ అబ్బాయి ఎవరూ చెప్పకుండానే మొదలుపెట్టాడు. ఇప్పుడతను దేవనహళ్లి దగ్గర ఒక గోడౌన్‌లో ప్యాకింగ్ చేస్తున్నాడు. ఇంట్లో నెల నెలా డబ్బు కావాలి. వాలంటీర్ పని అతనికి కుదరదు. మీ సంస్థలకు, ఆ గోడౌన్‌కు మధ్య అరగంట ప్రయాణం.

మా కాలేజీల్లో ఎకాలజీ ఎలా చెబుతారో మీలో కొందరికి తెలియకపోవచ్చు. సిలబస్‌లో ఒక భాగంగా ఉంటుంది. ఆవరణ వ్యవస్థ, శక్తి ప్రవాహం, ఆహార గొలుసు. రికార్డులో చెరువు బొమ్మ వేస్తాం: తామర, పురుగు, కప్ప, పాము, గద్ద, మధ్యలో బాణం గుర్తులు. లెక్చరర్ సంతకం పెడతారు. కాలేజీ వెనకాలే నిజమైన చెరువు ఉంటుంది, అక్కడికి మూడేళ్లలో ఒక్కసారి కూడా పోము. లెక్చరర్లను తప్పుపట్టను. వాళ్లకూ ఎవరూ ఫీల్డ్‌లో నేర్పలేదు. చాలామంది గెస్ట్ లెక్చరర్లు, కాంట్రాక్టు మీద ఉన్నవాళ్లు. పిల్లల్ని బయటికి తీసుకెళ్తే ఏదైనా జరిగితే ఎవరు బాధ్యులన్న టెన్షన్ వాళ్లకు ఉంటుంది.

అదే కాలేజీల్లో మీకు అందివచ్చే దారి కూడా ఒకటి ఉంది, దాన్ని గమనించమని ప్రత్యేకంగా కోరుతున్నాను. ఆంధ్రప్రదేశ్ ఉన్నత విద్యా మండలి 2020-21 నుంచి డిగ్రీలో పది నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేసింది. మొదటి ఏడాది అయ్యాక కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, రెండో ఏడాది అయ్యాక రెండు నెలల ఇంటర్న్‌షిప్, తర్వాత ఐదో సెమిస్టర్‌లోనో ఆరో సెమిస్టర్‌లోనో పూర్తిగా ఒక సెమిస్టర్. ఆలోచన చాలా మంచిది. కానీ జువాలజీ, బోటనీ పిల్లల్ని తీసుకునే చోట్లు మా ఊళ్లలో ఎక్కడున్నాయి? డయాగ్నస్టిక్ ల్యాబులు, రొయ్యల హేచరీలు, నర్సరీలు. అవీ దొరకనివాళ్లు డబ్బు కట్టి ఆన్‌లైన్ సర్టిఫికెట్ తెచ్చుకుంటున్నారు. ఒక సెమిస్టర్ మొత్తం, పైగా మార్కులతో సహా, ఉత్త కాగితంగా పోతోంది. బెంగళూరులో ఫీల్డ్ పని చేసేవాళ్లు దొరక్క ప్రాజెక్టులు ఆగుతున్నాయి. హిందూపురంలో చేయడానికి పని దొరక్క సెమిస్టర్లు వృథా అవుతున్నాయి. ఈ రెంటినీ కలపడానికి కొత్త పథకమేమీ అక్కర్లేదు, కొత్త జీవో అక్కర్లేదు. మీ సంస్థ నుంచి ప్రిన్సిపాల్‌కు ఒక ఉత్తరం, ఒక ఒప్పంద పత్రం, నలుగురు పిల్లలకు నాలుగు నెలల స్టైపెండ్. అంతే.

డబ్బు గురించి. స్టైపెండ్ ఎంత అని అడుగుతారు. బెంగళూరులో పీజీ హాస్టల్, తిండి, బస్సు ఖర్చు తీరి, ఇంటికి భారం కాకుండా ఉండాలి. ఫీల్డ్ స్టేషన్‌లో బస, భోజనం ఉంటే ఇంకాస్త తక్కువైనా సరిపోతుంది. జాతీయ స్థాయిలో పీహెచ్‌డీ మొదట్లో ఉన్నవాళ్లకిచ్చే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్)ను 2023 జనవరి నుంచి నెలకు 37 వేలు, ఇంటి అద్దె భత్యం అదనం, చేశారు. అందులో సగం లోపే ఒక ఇంటర్న్‌కు సరిపోతుంది. గ్రాంటుకు ప్రతిపాదన రాసేటప్పుడే బడ్జెట్‌లో ఇంటర్న్‌ల పద్దు పెట్టండి. కెమెరా ట్రాప్‌లకు, వాహనాలకు, కాన్ఫరెన్స్ టికెట్లకు పద్దు ఉన్నప్పుడు మనుషులకూ ఉండాలి. దానికీ చాలకపోతే నా అభిప్రాయం స్పష్టంగా చెబుతున్నాను: పదిమంది ఉచిత వాలంటీర్ల బదులు ముగ్గురిని తీసుకుని ముగ్గురికీ డబ్బివ్వండి. డేటా కొంచెం తగ్గినా పర్వాలేదు. ఈ నగరంలో ప్రకృతి పరిశోధనకు కోట్లు ఇచ్చే దాతలున్నారు. డేటా లాగే మనుషులు కూడా ఒక ఫలితమేనని వాళ్లకు మీరు చెబితే వింటారు, మేం చెబితే వినబడదు.

ఉన్న దారులు కూడా మా పిల్లలకు తెలియవు. 1934లో సి.వి. రామన్ స్థాపించిన ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ బెంగళూరులోనే ఉంది. మిగతా రెండు సైన్స్ అకాడమీలతో కలిసి ఏటా వేసవిలో రెండు నెలల రీసెర్చ్ ఫెలోషిప్ ఇస్తుంది, స్టైపెండ్‌తో సహా. కేంద్ర ప్రభుత్వ ఇన్‌స్పైర్ స్కాలర్‌షిప్ వచ్చిన బీఎస్సీ పిల్లలకు ఏడాదికిచ్చే 80 వేలలో 20 వేలు వేసవి ప్రాజెక్టు కోసమే. నేను చదివిన కాలేజీలో ఈ రెండిటి పేరూ నోటీసు బోర్డు మీద ఎప్పుడూ చూడలేదు. మీ ప్రకటనలు ట్విట్టర్‌లో, మీ వెబ్‌సైట్లలో, మీకు మీకు తెలిసినవాళ్ల గ్రూపుల్లో తిరుగుతాయి. మా పిల్లలు వాట్సాప్‌లో, కాలేజీ నోటీసు బోర్డు దగ్గర, ఈనాడు చదువు పేజీలో వెతుకుతారు. ఒక పేజీ తెలుగు ప్రకటన పంపండి. కాలేజీలో ఎవరైనా అంటిస్తారు.

భాష సంగతి కూడా చెప్పాలి. 2021-22 నుంచి మా డిగ్రీ అంతా ఇంగ్లీష్ మీడియం. పుస్తకం ఇంగ్లీషులో ఉంటుంది, పాఠం తెలుగులో జరుగుతుంది, పరీక్ష బట్టీ పట్టి రాస్తారు. అందువల్ల మా పిల్లలకు పదాలు ఇంగ్లీషులో వచ్చు, మాట్లాడటం రాదు. ఆన్‌లైన్ ఇంటర్వ్యూలో "మీకు ఈ ప్రాజెక్టు మీద ఎందుకు ఆసక్తి?" అంటే నాలుక పిడచగట్టుకుపోతుంది. అదే పిల్లను చెరువు కట్ట మీద నిలబెట్టి తెలుగులో అడగండి, అరగంట ఆపకుండా చెబుతుంది. మీ దగ్గర తెలుగు వచ్చిన పీహెచ్‌డీ విద్యార్థులు, పోస్ట్‌డాక్‌లు ఉన్నారు. మొదటి ఇంటర్వ్యూలో వాళ్లలో ఒకరిని కూర్చోబెట్టండి. ఇంగ్లీషు ముఖ్యం కాదని నేను అనను. పేపర్లు చదవాలన్నా రాయాలన్నా అది కావాల్సిందే, గేట్‌లో ఎకాలజీ అండ్ ఎవల్యూషన్ పేపర్ ఇంగ్లీషులోనే రాయాలి. అది లోపలికి వచ్చాక ఆర్నెల్లలో నేర్చుకుంటారు, నేర్చుకున్నాను. గుమ్మంలోనే అడ్డంగా పెట్టొద్దని మాత్రమే అంటున్నాను.

శిక్షణను మా వైపు తీసుకొస్తే ఇంకా మంచిది. ఒక వారం చాలు. లేపాక్షి దగ్గరో, పెనుకొండ కొండల్లోనో ఇరవైమంది పిల్లలతో ఒక శిబిరం. ట్రాన్సెక్ట్ (తిన్నగా నడుస్తూ జీవులను లెక్కించే గీత) ఎలా నడవాలి, క్వాడ్రాట్ (మొక్కలు లెక్కించడానికి నేల మీద కొలిచి పెట్టే చదరం) ఎందుకు వేస్తారు, డేటా షీట్‌లో ఖాళీ వదలడానికీ సున్నా వేయడానికీ తేడా ఏంటి, సాయంత్రాలు ఆర్ సాఫ్ట్‌వేర్‌లో ఒక గ్రాఫ్. ఈ సున్నా గురించి నాకు ఎమ్మెస్సీ అయ్యేదాకా ఎవరూ చెప్పలేదు. వెతికితే పక్షి కనబడకపోవడం ఒక సమాచారం, అసలు వెతకకపోవడం సమాచారం లేకపోవడం. రెండూ ఒకే ఖాళీ గడిలా కనిపిస్తే తర్వాత చేసే లెక్కలన్నీ తప్పుతాయి. ఇంత ముఖ్యమైన సంగతి చెప్పడానికి పట్టేది పది నిమిషాలు. తమిళనాడు ముదుమలై అడవిలో 1988లో ఐఐఎస్‌సీ వాళ్లు వేసిన 50 హెక్టార్ల ప్లాటులో సెంటీమీటరు మందం దాటిన ప్రతి చెట్టుకూ నంబరు కట్టి, ఏళ్ల తరబడి కొలుస్తూ వచ్చారు. అలాంటి పని ఎర్రచందనం అడవిలో చిన్న స్థాయిలోనైనా మొదలుపెట్టి, తిరుపతి, కడప కాలేజీల పిల్లలతో కొలిపిస్తే ఒక తరం తయారవుతుంది. సైన్స్ విద్యా పరిశోధన సంస్థ తిరుపతి ఐసర్ పక్కనే ఉంది, చేయి కలుపుతారు.

ఆడపిల్లల విషయం వేరుగా చెప్పాలి. అడవిలో రాత్రి పని అంటే మా ఇళ్లల్లో ఒప్పుకోరు. భయపడటంలో తప్పు లేదు. తల్లిదండ్రులకు తెలుగులో ఒక ఉత్తరం రాయండి. ఎక్కడ ఉంటారు, ఎవరితో ఉంటారు, బాత్రూం ఉందా, ఫోన్ సిగ్నల్ ఉందా, ఏదైనా జరిగితే ఎవరికి ఫోన్ చేయాలి. వీలైతే ప్రాజెక్టులో పని చేసే ఒక అమ్మాయి చేత ఆ అమ్మతో ఒక్కసారి ఫోన్‌లో మాట్లాడించండి. ఇది మీకు చిన్న పని. ఇంట్లో నెలల తరబడి జరిగే వాదన అక్కడితో తేలిపోతుంది.

ఫీల్డ్ అసిస్టెంట్ల గురించి ఒక్క మాట. నల్లమలలో చెంచులు, కర్ణాటక బిళిగిరి రంగన కొండల్లో సోలిగ గిరిజనులు మీ పరిశోధనకు కళ్లూ చెవులూ. చాలా పేపర్లలో వాళ్ల పేరు చివర కృతజ్ఞతల్లో ఒక వరుసలో ఉంటుంది. వాళ్ల పని పేపర్‌కు ఆధారమైనప్పుడు రచయితల్లో చేర్చండి. వాళ్ల పిల్లలు డిగ్రీ చదువుతుంటే ఇంటర్న్‌షిప్‌లలో మొదటి చోటు వాళ్లకివ్వండి.

"సరే, ఇదంతా నేర్చుకుని ఏ ఉద్యోగం చేస్తారు?" అని మా నాన్న లాంటివాళ్లు అడుగుతారు. ఈ ప్రశ్నకు మీరు కూడా గట్టి జవాబు తయారుచేసుకోవాలి. పీహెచ్‌డీ చేసి ప్రొఫెసర్ కావడం ఒక్కటే దారన్నట్టు చెబితే నూటికి ఒకరికే అది నిజమవుతుంది. 2002 జీవవైవిధ్య చట్టం కింద ప్రతి పంచాయతీకీ జీవవైవిధ్య యాజమాన్య కమిటీ, ఊళ్లోని మొక్కలు, జీవుల వివరాలు రాసే ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ ఉండాలి. ఆ రిజిస్టర్ ఆలోచనను ముందుకు నడిపింది ఐఐఎస్‌సీలో సెంటర్ ఫర్ ఎకలాజికల్ సైన్సెస్‌ను స్థాపించిన శాస్త్రవేత్త మాధవ్ గాడ్గిల్. మా పంచాయతీల్లో అది బీరువాలో ఉన్న ఒక ఫైలు. దాన్ని ఊళ్లో తిరిగి, ముసలివాళ్లను అడిగి, ఏటా సరిచూసే మనిషి కావాలి. ఆ మనిషికి తెలుగు రావాలి, మొక్కలు తెలియాలి. అలాంటి ఉద్యోగాలు పెట్టమని ప్రభుత్వానికి గట్టిగా రాయగలిగే స్థానం మీకుంది.

అనంతపురం, కర్నూలు, కడప జిల్లాల్లో, కర్ణాటకలో మా పొరుగునున్న పావగడలో వేల ఎకరాలు సోలార్ పార్కులయ్యాయి. కొండల మీద గాలిమరలు వచ్చాయి. 2006 ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ కింద సోలార్‌కు, గాలిమరలకు ముందస్తు పర్యావరణ అనుమతి అక్కర్లేదు. రికార్డుల్లో అవి బంజరు భూములు. కృష్ణజింకలు, తోడేళ్లు, గుంటనక్కలు తిరిగే గడ్డి బీళ్లను బంజరు అని రాయడం తప్పని మీ శాస్త్రవేత్తలే ఏళ్లుగా చెబుతున్నారు. చట్టం అడగకపోయినా, కంపెనీ మొదలుపెట్టే ముందు ఒక సీజన్ అక్కడ నడిచి, ఏమున్నాయో రాసే స్థానిక ఎకాలజిస్టు ఉంటే ఎంత తేడా వస్తుందో ఆలోచించండి. గొర్రెలు కాసే కురుబల ఇళ్ల నుంచి ఒక బీఎస్సీ పిల్లవాడు వస్తే, తోడేలు ఈనే గుంతలు ఎక్కడున్నాయో వాళ్ల తాత చూపిస్తాడు. టైగర్ రిజర్వుల్లో బయాలజిస్టు పోస్టులున్నాయి, ఫారెస్ట్ రేంజ్ ఆఫీసర్ పరీక్షలున్నాయి, ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్ ఉంది. రేంజ్ ఆఫీసర్ అయ్యేవాడికి ముందే ఒక ఫీల్డ్ సీజన్ అనుభవం ఉంటే ఆ అడవికే మేలు.

ఇది తెలుగువాళ్ల కోసమే అడుగుతున్న మాట కాదు. బాగేపల్లి, గౌరిబిదనూరు, ముళబాగిలు, పావగడ పిల్లల పరిస్థితీ ఇదే. వాళ్లలో చాలామంది ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ మాట్లాడతారు. తెలుగు ప్రకటన వెనకాలే కన్నడ ప్రకటన అచ్చు వేయండి. బెంగళూరులో 2010 నుంచి జరుగుతున్న విద్యార్థుల కన్జర్వేషన్ సదస్సులో ఈ ఊళ్ల పిల్లలకు రిజిస్ట్రేషన్ ఫీజు లేకుండా, బస్సు చార్జీలిచ్చి కొన్ని సీట్లు పెట్టండి. పోస్టర్ ముందు కన్నడలోనో తెలుగులోనో మాట్లాడనివ్వండి.

ఆంధ్రలో డిగ్రీ పిల్లలు ఇంటర్న్‌షిప్ ఎక్కడ చేయాలో వెతుక్కునేది సెమిస్టర్ మొదలయ్యే ముందు కొద్ది వారాలే. అందువల్ల మీ నిర్ణయం అప్పటికి కాలేజీలకు చేరాలి. అనంతపురం, శ్రీ సత్యసాయి, అన్నమయ్య, చిత్తూరు జిల్లాల్లో బోటనీ, జువాలజీ ఉన్న డిగ్రీ కాలేజీల జాబితా, అక్కడ మాతో మాట్లాడే లెక్చరర్ల వివరాలు మా దగ్గర సిద్ధంగా ఉన్నాయి. మొదటి ఏడాది ఒక సంస్థ నలుగురిని తీసుకున్నా చాలు. ప్రకటనను తెలుగులోకి రాయడం, మొదటి ఇంటర్వ్యూలో పక్కన కూర్చోవడం, తల్లిదండ్రులతో మాట్లాడటం మేం చేస్తాం. మీ దగ్గర ఎవరితో మాట్లాడాలో ఒక పేరు చెప్పండి.

ఇట్లు,
చిలమత్తూరు మండలం నుంచి వచ్చి యలహంకలో ఉంటున్న ఒక ప్రాజెక్ట్ అసిస్టెంట్, తోటి రాయలసీమ విద్యార్థుల తరఫున